పటాలం కట్టె

వివేక్‌రావు మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదకే సుమలతకు ఒళ్లు మండింది.

అతను హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. వెంట సర్పంచ్ రాజేందర్ ఉన్నాడు. వరండాలో కుర్చీ వేస్తే కూర్చున్నాడు, చాయ్ ఇస్తే తాగాడు, గ్లాసు కింద పెట్టి సుమలత తండ్రితో అన్నాడు: "ప్రభుదాస్ గారూ, మా తాతగారి కట్టె ఇన్నేళ్లు జాగ్రత్తగా దాచిపెట్టిండ్రు. చాలా థాంక్స్. ఇగ మాకిచ్చేస్తే గడిలో పెట్టుకుంటం."

ఎదుటి మనిషిని దొంగా అనడానికి ఇంతకంటే ముద్దైన మాట ఉండదు.

జఫర్‌గఢ్ అవతల ఆ ఊళ్లో దొరల గడి ఏళ్ల తరబడి గబ్బిలాలకు నిలయంగా పడి ఉంది. ఆ వంశంలో చివరివాడైన వివేక్‌రావు ఇప్పుడు దానికి సున్నం కొట్టించి, కొత్త తలుపులు పెట్టించాడు. పట్నం జనం వచ్చి పెళ్లి ఫొటోలు దిగడానికి, సెలవుల్లో ఉండి పోవడానికి తయారు చేస్తున్నాడు. ముందు గదిలో తాతముత్తాతల సామాను సర్దాడు. పల్లకీ, గ్రామఫోను, గోడకు కత్తులు. ఒక్క వస్తువు తక్కువ పడింది. అది ప్రభుదాస్ ఇంట్లో, బీరువా మీద, పాత దుప్పటి ముక్కలో చుట్టి ఉంది.

మూరన్నర పొడవు ఉంటుంది. నల్లటి చేవ కర్ర. ఊతానికి పనికిరాదు, మరీ పొట్టి. మిలిటరీ వాళ్లు చంకలో ఇరికించుకుని నడిచే రకం. ఒక కొనకు వెండి గుబ్బ. గుబ్బ మీద ఒకప్పుడు ఏదో పటాలం గుర్తు ఉండేది. సుమలత నాయనమ్మ పోచమ్మ బతికి ఉన్నన్నాళ్లు ప్రతి క్రిస్మస్‌కు దాన్ని చింతపండుతో తోమేది. అట్లా తోమీ తోమీ గుర్తు అరిగిపోయింది. ఇప్పుడు చూస్తే పైన కిరీటం లాంటిదొకటి, కింద ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే గీతలు. అంతే.

వివేక్‌రావు ఫోన్ తీసి చూపించాడు. ఎప్పుడో రాజేందర్ తీసి పంపిన గుబ్బ ఫొటో అది. "పట్నంలో తెలిసినాయనకు చూపించినం. నిజాం అశ్వదళం అన్నడు. రెండు బరిసెలు, పైన కిరీటం. మా తాతగారికి అండ్ల గౌరవ కెప్టెన్ హోదా ఉండె. గడి మీద దాడి జరిగిన్నాడు పోయింది."

"దాడి జరిగిన్నాడు ఎవరో ఎత్కపోయిండ్రు అంటరు, అంతే కదా?" అంది సుమలత.

"నేను ఆ మాట అనలేదమ్మా."

"మీరు అనకున్నా ఊరంతా అంటది. మా ఇంటికి పేరే అది. కట్టెదొంగోళ్లు. బడిల నన్ను గట్లనే పిలిచిండ్రు. నా పెండ్లికి పిల్లగాని దిక్కోళ్లు వచ్చి ఇల్లెక్కడ అని అడిగితే, కట్టెదొంగోళ్లా, గా మలుపుల అని చూపిచ్చిండ్రు."

రాజేందర్ మధ్యలో వచ్చాడు. "పాత ముచ్చట్లు ఎందుకు తీస్తవు చెల్లె. సార్ మంచిగ అడుగుతుండు. ఇచ్చేస్తే పేరు గూడ పోతది గదా."

"ఇచ్చేస్తే పోదు, ఖాయమైతది," అంది సుమలత. "గుర్తు ఏందో తేలేదాంక కట్టె ఇంట్లకెల్లి కదలది."

వివేక్‌రావు నవ్వి లేచాడు. ఆదివారం గడి ప్రారంభమనీ, అందరూ భోజనానికి రావాలనీ చెప్పి పోయాడు.

కారు మలుపు తిరగ్గానే ప్రభుదాస్ అన్నాడు: "ఇచ్చేద్దాం బిడ్డా."

తండ్రి మీద అంత కోపం సుమలతకు ఎన్నడూ రాలేదు. ప్రభుదాస్‌కు డెబ్బై దాటాయి. ఊళ్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. చర్చిలో కూడా ఆఖరి వరుసలో కూర్చుంటాడు. ఎవరైనా కట్టెదొంగ అంటే వినబడనట్టు తల దించుకుని పోతాడు.

"ఎందుకియ్యాలె నాయినా? తాత మిలిటరీల ఉండె అని నాయనమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. గడికెల్లి తెచ్చిన అని గూడ ఆమెనే చెప్పింది. ఆమె నోటితోనే. ఆ మాట నేనెట్ల కాదనాలె?"

నిజమే. పోచమ్మ ఆ సంగతి ఎన్నడూ దాచలేదు. ఆమె చెప్పే కథ సుమలతకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. తాత పేరు సామ్యేలు. గడిలో వెట్టి చేసేవాడు. పెద్ద యుద్ధం నడుస్తుండగా పారిపోయి సికింద్రాబాద్ చేరి పటాలంలో భర్తీ అయ్యాడు. అస్సాం దాటి అడవుల్లోకి తీసుకుపోయారట. యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడు. బూట్లు తొడుక్కుని, చంకలో ఈ కట్టె పెట్టుకుని గడి ముందు నుంచి నడిచాడు. దొర మనుషులు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారు. మాదిగోనికి బూట్లేంది, వెండి గుబ్బేంది, ఎక్కడ దొంగిలించినవ్ అని గడి స్తంభానికి కట్టేసి కొట్టారు. కుడి మోకాలు విరిచారు. సంచీలో ఉన్న కాగితాలు పొయ్యిలో వేశారు. కట్టె దొర తీసుకున్నాడు. తర్వాత వెట్టికి ఎదురు తిరిగిన సంఘం వాళ్లు గడి మీద పడిన రోజున జనం వడ్లూ జొన్నలూ మోసుకుపోతుంటే, పోచమ్మ తిన్నగా దొర కూర్చునే గదిలోకి పోయి ఆ కట్టె ఒక్కటే తెచ్చుకుంది. "గింజ ముట్టలేదు. మాది మేము తెచ్చుకున్నం," అనేది.

ఊరు ఆమె చెప్పిన దాంట్లో సగమే ఉంచుకుంది. గడి నుంచి తెచ్చిందనేది ఉంచుకుంది. పటాలం సంగతికి నవ్వింది. మాదిగోన్ని పటాలంలో ఎవడు పెట్టుకుంటాడు? బొంబాయి మిల్లులో కూలీకి పోయి వచ్చుంటాడు, అని తీర్మానించింది. కాగితాలు లేవు, బూట్లు లేవు. సామ్యేలు కుంటుకుంటూ మరి కొన్నేళ్లు బతికి, ప్రభుదాస్‌కు ఊహ తెలిసేలోపు పోయాడు.

"నాయనమ్మ అబద్ధం చెప్పిందంటవా?" అని అడిగింది సుమలత.

ప్రభుదాస్ తల దించుకున్నాడు. ఇన్నేళ్లు తండ్రి తల దించుకున్నది భయం వల్ల మాత్రమే కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన ఊరి మాటే నమ్మాడు. కన్నతల్లి మాట కన్నా ఊరి మాట ఎక్కువ నమ్మాడు. ఆమె కట్టె తీసుకుని సంచిలో పెట్టుకుని, అన్నం తినకుండానే మహబూబాబాద్ బస్సెక్కింది.

మహబూబాబాద్‌లో ఒక దవాఖానాలో ఆమె ఎక్స్‌రేలు తీస్తుంది. నీడను చూసి ఎముక ఎక్కడ చిట్లిందో పట్టుకోవడం ఆమెకు రోజువారీ పని. మరునాడు పని అయ్యాక ఎక్స్‌రే గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని గుబ్బకు పక్కవాటుగా పట్టింది. నేరుగా వెలుతురు పడితే వెండి మెరిసి కళ్లు చెదురుతాయి. పక్క నుంచి పడితే అరిగిన గీతకు కూడా సన్నటి నీడ వస్తుంది. గుబ్బను మెల్లగా తిప్పుతూ చూసింది.

గీతలు రెండు కావు, మూడు.

మధ్యది నిలువుగా, సన్నగా ఉంది. రెండోదానికి కింది కొన వెడల్పుగా, పలకలాగా ఉంది. మూడోదానికి పైన అడ్డంగా వంకీ తిరిగిన తల, రెండు వైపులా మొనలు. పల్చటి కాగితం గుబ్బ మీద పరిచి పెన్సిలుతో రుద్దింది. ఆకారం ఇంకా స్పష్టంగా పడింది. బరిసెకు పలక ఎందుకుంటుంది? తనకు ఏం కనబడుతోందో ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ అది పటాలం గుర్తు ఎట్లా అవుతుంది? ఆ పనిముట్లు వాళ్ల ఇంటి వెనక చూరుకు ఇప్పటికీ వేలాడుతున్నాయి.

పెద్దవంగర దగ్గరి తండాలో అమర్‌సింగ్ అని రిటైరైన సుబేదార్ ఉన్నాడు. మోకాలి నొప్పికి ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చినప్పుడు పరిచయం. శనివారం సెలవు పెట్టి, స్కూటీ మీద ఆయన దగ్గరికి పోయింది. ఆయన భార్య గోరీ మజ్జిగ ఇచ్చింది. సుమలత మజ్జిగ ముట్టకముందే కట్టె, కాగితం ఆయన చేతిలో పెట్టింది.

అమర్‌సింగ్ ముందు కట్టెను చంకలో పెట్టి చూసుకున్నాడు. ఆ పని ఆయన చెయ్యి దానంతట అదే చేసింది. తర్వాత కాగితాన్ని ఎండలో పట్టాడు.

"మంది ఏందన్నరు దీన్ని?"

"బరిసెలన్నరు. నిజాం అశ్వదళం అన్నరు."

"ఎవడా అన్నది? పార గూడ గుర్తువట్టనోడు. గిది పార తల్లీ. గిది పికాసు. నడుమ ఉన్నది బందూకు. పైన ఇంగ్లాండు రాజు కిరీటం. పయనీర్ కోర్ ఇది."

ఆయన ఫోన్‌లో వెతికి, పెద్ద యుద్ధం నాటి టోపీ బిళ్లల ఫొటోలు తీశాడు. ఒకదాన్ని పెద్దది చేసి కాగితం పక్కన పెట్టాడు. బందూకు, పార, పికాసు, కిరీటం. వంకీ తిరిగిన చోట వంకీ, పలక ఉన్న చోట పలక. తేడా లేదు.

"అది ఏం చేసే పటాలం కాకా?"

"తొవ్వలేసే పటాలం. అడవి కొట్టాలె, తొవ్వలెయ్యాలె, వంతెనలు కట్టాలె, లారీలు బురదల దిగవడితె గుంజాలె. మీద బాంబులు పడుతున్నా పార ఆపొద్దు. వాళ్లు ముందు పోతెనే వెనక ఫిరంగి తోపులు కదుల్తయి. దాంట్ల ఎక్కువ మంది మన అసొంటోళ్లే. మద్రాసు దిక్కు కెల్లి, మన దిక్కు కెల్లి, కూలి చేసుకునేటోళ్లను భర్తీ చేసుకున్నరు."

"మరి కూలి చేసెటాయనకు వెండి గుబ్బ కట్టె ఎందుకుంటది?" అడగకూడదని అనుకుంటూనే అడిగింది. ఊరు అడిగే ప్రశ్న అది. తన నోట్లో నుంచి వచ్చేసరికి సిగ్గేసింది.

అమర్‌సింగ్‌కు కోపం రాలేదు. "పహరాకు నిలవడేముందు పరేడ్ చూస్తరు. ఎవని బట్టలు, బూట్లు, బిళ్ల అందరికంటె మంచిగున్నయో వానికి కట్టె ఇస్తరు. ఆ దినం వానికి పహరా మాఫ్, సాబు దగ్గర డ్యూటీ. స్టిక్ ఆర్డర్లీ అంటరు. ఇప్పటికీ ఉన్నది ఆ రివాజు. మల్ల మల్ల గెలిచినోనికి సాబు సంబురపడి కట్టె ఇనాముగ ఇచ్చినా ఇయ్యొచ్చు. హవల్దారు అయ్యి సొంతంగ చేయించుకున్నా చేయించుకోవచ్చు. అది నేను చెప్పలేను. గని ఒకటి చెప్త. ఈ గుర్తు ఏ దొర పెట్టుకోడు. పార గుర్తు చంకల పెట్టుకొని తిరిగే దొర ఈ దునియాల లేడు."

గోరీ పక్కనే నిలబడి వింటోంది. "సంబురపడు బిడ్డా, తేలింది గదా," అంది.

సంతోషం రాలేదు. తిరుగు దారిలో తొర్రూరు దాటాక స్కూటీ రోడ్డు పక్కన ఆపేసింది. బట్టలకు, బూట్లకు, నిటారుగా నిలబడినందుకు ఇచ్చిన కట్టె అది. ఆ మనిషి ఆ బట్టలతో, ఆ బూట్లతో, అట్లాగే నిటారుగా సొంత ఊళ్లో నడిచినందుకు మోకాలు విరిచారు. ఎవరి పటాలం వస్తువో, దాని మీద ఏముందో దొర ఒక్కసారి వంగి చూస్తే సరిపోయేది. అప్పుడు గుర్తు అరగలేదు కదా. కొత్తదే కదా. చూసే ఉంటాడు. చూసే తీసుకున్నాడు. ఆ ఆలోచన రాగానే ఆమె రోడ్డు మీద ఒక్కతే నిలబడి గట్టిగా తిట్టింది. పక్క మిరపతోటలో పనిచేస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు.

ఆదివారం చర్చి అయ్యాక తండ్రిని వెంటబెట్టుకుని గడికి పోయింది. పోయేముందు ఆయనకు కాగితం, సుబేదార్ పంపిన ఫొటో రెండూ చూపించింది. ఆయన వాటిని చూసి, "పోదాం పా," అన్నాడంతే.

గడి వాకిట్లో షామియానా వేశారు. కుర్చీలు, మైకు, వంటల వాసన. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ముందు గదిలో అద్దాల పెట్టె ఒకటి ఖాళీగా ఉంది. అందులో ముందే అచ్చు వేయించిన అట్ట పెట్టారు: "దొరవారి అశ్వదళ దండం. గడిపై దాడిలో అపహరణకు గురై, తిరిగి లభించినది."

సుమలత ఆ అట్ట రెండుసార్లు చదివింది. ఇంకా వీళ్ల చేతికి రానేలేదు, అప్పుడే తిరిగి లభించిందట.

వివేక్‌రావు నవ్వుతూ ఎదురొచ్చాడు. "తెచ్చిండ్రా? చాలా సంతోషం."

"తెచ్చినం. ఇయ్యనీకి గాదు, చూపియ్యనీకి."

కాగితం, ఫోన్‌లోని ఫొటో అతని ముందు పెట్టింది. బందూకు, పార, పికాసు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. పక్కన నలుగురూ మూగారు. రాజేందర్ కూడా మెడ చాచి చూశాడు. వివేక్‌రావు చదువుకున్నవాడు, మూర్ఖుడు కాదు. రెండు బొమ్మలూ ఒకటేనని అతని మొహంలో తెలిసిపోయింది. తర్వాత ఆ మొహం మళ్లీ తెరిపిన పడింది.

"వెరీ ఇంట్రెస్టింగ్ అమ్మా. అయితే ఇంకా మంచిది. కార్డు మార్పిద్దాం. మా గడిలో పనిచేసిన మనిషి రెండో ప్రపంచ యుద్ధానికి పోయిండని రాపిస్త. ఈ గడి నుంచి దేశానికి సేవ చేసిన సామాన్యుడు. చూసేవాళ్లకు అది ఇంకా నచ్చుతది. మీ నాన్నగారిని స్టేజి మీద సన్మానం చేద్దాం."

దొంగ అన్నప్పుడు కూడా ఇంత కోపం రాలేదు.

"మీ గడి పంపిందా ఆయనను?" గొంతు పెరిగింది. "మీ గడికెల్లి తప్పిచ్చుకొని ఉరికిండు. మీ వెట్టి చేసుడుకంటె బాంబుల కింద పార పట్టుడు నయమని పోయిండు. తిరిగొస్తె మీ తాత ఇగో ఈ గడిలనే స్తంభానికి కట్టేసి కాలు ఇరగ్గొట్టిండు. కట్టె గుంజుకున్నడు. అది రాపిస్తరా అట్ట మీద?"

"అమ్మా, అది ఎవరు చూసిండ్రు? ఎప్పటి మాటలో. ఈ రోజు మంచి రోజు..."

"కట్టె మీ గడిల ఉండె అని మీరే చెప్తున్నరు. మా నాయనమ్మ గూడ గడికెల్లే తెచ్చిన అన్నది. గుర్తేమో పార పటాలంది. మీ తాత పార పట్టిండా? పట్టలేదు. మరి ఈ కట్టె మీ గడిలకు నడుచుకుంట వచ్చిందా? చెప్పుండ్రి."

వివేక్‌రావు రాజేందర్ వైపు చూశాడు. రాజేందర్ "చెల్లె, జర మెల్లగ," అంటూ ఆమె మోచేయి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుంది.

అప్పుడే షామియానా కింద మైకు కీచుమంది. అందరూ తిరిగి చూశారు. మైకు ముందు ప్రభుదాస్ ఉన్నాడు. ఎప్పుడు పోయాడో ఎవరూ గమనించలేదు. ఆయన జీవితంలో మైకు పట్టుకున్నది అదే మొదలు. మరీ దగ్గరగా పెట్టుకున్నాడు, ఊపిరి కూడా వినబడుతోంది.

"మా అవ్వ పేరు పోచమ్మ," అన్నాడు. "ఆమె దొంగ గాదు."

వంటల దగ్గరి వాళ్లు కూడా గరిటెలు పట్టుకునే షామియానా కిందికి వచ్చారు.

"మా బాపు పటాలంల పనిచేసిండు. గుర్తు తేలింది. మా అవ్వ చెప్పింది నిజం. ఈ దొర తాత మా బాపు కట్టె గుంజుకున్నడు, మా అవ్వ తెచ్చుకున్నది. మీరందరు మమ్ముల ఏమని పిలిచిండ్రో మీకు ఎరుకే. నేను ఇన్నొద్దులు ఆ మాట పడ్డ. ఇగ పడ. ఇగ నన్ను ఎవడన్న ఆ పేరు వెట్టి పిలిస్తే మంచిగుండది."

మైకును స్టాండులో పెట్టబోతే కుదరక, కుర్చీ మీద పడేసి దిగి వచ్చాడు. అది మళ్లీ కీచుమంది.

కొందరు భోజనానికి నిలవకుండా వాళ్ల వెనకే నడిచారు. చాలామంది ఉండిపోయి తిన్నారు. వివేక్‌రావు క్షమించమని అనలేదు. అద్దాల పెట్టెలోంచి అట్ట మాత్రం తీయించాడని, అందులో ఒక పాత గడియారం పెట్టించాడని తర్వాత తెలిసింది.

సాయంత్రం రాజేందర్ ఇంటికి వచ్చాడు. గడప దగ్గర నిలబడి, "ప్రభు కాకా, మంచి పని చేసినవ్, నేను కాదంటలేను. మేమందరం గూడ మీరు మిలిటరోళ్లే అని ఎప్పుడో అనుకున్నం. గని సార్ జర బాధపడ్డడు. నలుగుట్ల దొర తాతను అనుడు బాగలేదు. ఒక్క మాట ఫోన్ చేసి..." అన్నాడు.

"ఎప్పుడో అనుకున్నవా?" ప్రభుదాస్ లేచాడు. "ఎప్పుడనుకున్నవ్ రా? పోయిన యేడు బోనాల పండుగనాడు నా ముంగటనే నీ అల్లునికి ఏమని చూపిచ్చినవ్ నన్ను? కట్టెదొంగ అని చూపియ్యలేదా? నేను నవ్విన. గుర్తున్నదా? నవ్వినోడు నవ్వినట్టే ఉంటడనుకున్నవ్. నడువ్. బాధపడనీ నీ సారును, మంచిగ బాధపడనీ. నడువ్ నా ఇంట్లకెల్లి!"

రాజేందర్ వెనక్కి అడుగు వేసి, మెట్టు తప్పి, సర్దుకుని వెళ్లిపోయాడు.

ప్రభుదాస్ గడపలోనే నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి, కానీ ఏడవడం లేదు. శాంతపడు నాయినా అని చెప్పాలని సుమలతకు అనిపించలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగాడు.

"మా అవ్వ ఎన్నిసార్లు చెప్పింది బిడ్డా," అన్నాడు. "నేనన్న ఇనకపోతిని."

సుమలత తండ్రి పక్కనే గడప మీద కూర్చుంది. ఆయన ఇంకా కోపంగానే ఉన్నాడు. ఆమె కూడా.